నావికుని పతకముల పట్టీ

గ్రామములలోని పెద్దలారా, భూమి దస్తావేజులు చదువుట మీకు వెన్నతో పెట్టిన విద్య. పహాణీలో ఒక్క గడి తప్పిపోయినను, సర్వే నంబరులో ఒక్క అంకె తారుమారైనను మీ కంటబడక మానదు. నేడు నేను మీకు వేఱొక విధమైన దస్తావేజును చదువు రీతి తెలుపదలచితిని. అది కాగితముపై వ్రాసినది కాదు, లోహముపై చెక్కినది. దానికి సాక్షుల సంతకములు లేవు. రంగురంగుల పట్టు పేలికలు మాత్రమే కలవు. వానిని మన ఊళ్ళలో బిళ్ళలందురు. పుస్తకములలో పతకములని వ్రాయుదురు. నౌకాదళమున చిరకాలము కొలువు చేసి, రెండు యుద్ధములు గడచి, క్షేమముగా ఇల్లు చేరిన నావికుడు తన వెంట తెచ్చుకొనునది మిక్కిలి స్వల్పము: ఒక రేకుపెట్టె, కొన్ని కాగితములు, ఈ పతకముల పట్టీ. పెట్టె త్రుప్పు పట్టును. కాగితములను చెదలు తినును. పట్టీ మాత్రము గోడమీద నిలుచును. అయినను దానిని చదువుటకు తెలిసినవారు ఇంటిలో లేకున్న అది యుండియు లేనట్లే.

సముద్రమునకును నల్లగండ్లకును సంబంధమేమని మీరడుగవచ్చును. నల్లగండ్ల హైదరాబాదు నగరమునకు పడమట, లింగంపల్లి రైలు స్టేషనుకు చేరువనున్న పాత గ్రామము. సముద్రమట్టమునకు ఐదువందల మీటర్లకు మించిన ఎత్తున నున్న ఱాతినేల. అచ్చట నీరనగా చెఱువు నీరే. సమీపమున రామచంద్రాపురములో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసెను. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఏర్పడెను. తరువాత కంప్యూటరు కంపెనీలు వచ్చెను. పొలములున్న చోట మేడలు లేచినవి. ఆ కొలువులకై తెలుగు జిల్లాలన్నింటి నుండియు పిల్లలు వచ్చి చేరిరి. వారి వెనుక వృద్ధులైన తల్లిదండ్రులును వచ్చిరి. తల్లిదండ్రులతో కూడ వారి ఇండ్ల గోడలమీది పటములును తరలి వచ్చినవి. కావుననే శ్రీకాకుళము తీరమున ఉప్పుగాలికి ఊగిన పటము నేడు నల్లగండ్లలో ఎనిమిదవ అంతస్తున వ్రేలాడుచున్నది. అంతేకాక, ఈ పీఠభూమికి సముద్రము ఏనాడును పూర్తిగా పరాయిది కాదు. ఓరుగల్లు నేలిన కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దమున మోటుపల్లి రేవులో అభయ శాసనము వేయించి, ఓడ పగిలి ఒడ్డు చేరిన వర్తకుల సొమ్మును రాజు హరింపడని మాట యిచ్చెను. లోపలి నేలను ఏలినవారికిని సముద్రముపై పోవువారి కష్టము తెలియుననుటకు ఆ శాసనమే సాక్ష్యము.

మన ఊరిబయట వీరగల్లులను మీరు చూచియే యుందురు. ఊరి పశువులకొఱకో, ఊరికొఱకో పోరాడి మడిసిన వీరునికి ఊరివారు ఱాయి నిలిపి, దానిపై అతని రూపము చెక్కించిరి. కొన్నింటిపై పేరును, కారణమును వ్రాయించిరి. అక్షరములున్న ఱాయి నేటికిని మాటలాడుచున్నది. అక్షరములు లేని ఱాతికి పసుపు కుంకుమలు పూయుచున్నాము గాని అది యెవరిదో యెఱుగము. పతకము కూడ ఒక చిన్న వీరగల్లు వంటిదే. భేద మేమనగా, వీరగల్లు చనిపోయినవానికి నిలుపబడును. పతకము బ్రతికియున్నవానికి ఈయబడును. ఱాయి ఊరిలో నిలుచును. పతకము మనిషి వెంట నడచును.

ఇక పతకము నిర్మాణము చెప్పెదను. దానికి మూడు భాగములు. మొదటిది లోహపు బిళ్ళ. కొన్ని గుండ్రనివి, కొన్ని నక్షత్రపు ఆకారముగలవి. నక్షత్రము వంటి దానిని తార యందురు. రెండవది బిళ్ళకు పైన వ్రేలాడదీయు పట్టు పేలిక. దాని రంగులు అలంకారము కొఱకు కావు. ప్రతి పతకమునకు రంగుల వరుస వేఱు. మన త్రివిధ దళములలో ఎఱుపు సైన్యమునకు, ముదురు నీలము నౌకాదళమునకు, లేత నీలము వాయుసేనకు గుర్తు. మూడు దళములవారికిని కలిపి యిచ్చిన కొన్ని పతకముల పేలికలమీద ఈ మూడు రంగుల గీతలును కనబడును. మూడవ భాగము అన్నింటికంటె ముఖ్యమైనది, ఎవరును చూడనిది: బిళ్ళ అంచు. రూపాయి నాణెమును నిలువబెట్టి త్రిప్పినపుడు కనబడు అంచు వంటిది. గుండ్రని పతకమైనచో ఆ అంచుమీద, తారయైనచో సాధారణముగా వెనుకవైపున, నావికుని సంఖ్య, హోదా, పేరు చిన్న ఇంగ్లీషు అక్షరములతో చెక్కబడి యుండును. పటమునకు అద్దము బిగించి గోడకు తగిలించినపుడు ఈ అంచు మఱుగుపడును. ఇంటివారు నలువది ఏండ్లు ప్రతి దినము చూచుచున్నను పతకముమీద తమ వాని పేరున్నదని ఎఱుగకుండుటకు కారణమిదియే.

కొన్ని పతకముల పేలికకు అడ్డముగా ఒక సన్నని లోహపు కడ్డీ యుండును. దానిపై ఒక ప్రదేశము పేరు, ఒక్కొక్కప్పుడు సంవత్సరము, కనబడును. సామాన్య సేవా పతకముపై ‘గోవా 1961’ అని యున్నచో, ఆ మనిషి 1961 డిసెంబరులో పోర్చుగీసువారి నుండి గోవాను విడిపించిన కార్యమున పాల్గొన్నవాడని అర్థము. విదేశ సేవా పతకముపై ఒక దేశము పేరున్నచో, అతడు ఆ దేశమున కొలువు చేసెనని తెలియును. ఒక్క కడ్డీ ఒక యాత్రకు చీటీ వంటిది.

పతకములను రొమ్మున ఎడమవైపున ధరింతురు. వాని వరుస ఇష్టము వచ్చినట్లు పెట్టుకొనునది కాదు, ప్రభుత్వము నిర్ణయించినది. అన్నింటికంటె మాన్యమైనది చొక్కా గుండీలకు దగ్గఱగా నుండును; అచ్చటినుండి భుజమువైపు పోవుకొలది మాన్యత తగ్గును. కనుక పటమును చూచువారు ఎడమనుండి కుడికి, మనము పుస్తకము చదువునట్లే చదువవలెను. అయితే ఒక సంగతి గమనింపవలెను. ఈ వరుస సంవత్సరముల వరుస కాదు. ముందు వచ్చిన పతకము వెనుక నుండవచ్చును. వెనుక వచ్చినది ముందుండవచ్చును. పంక్తిలో వయసునుబట్టి కాక మర్యాదనుబట్టి పీటలు వేసినట్లు. నిత్యపు దుస్తులలో బిళ్ళలను ధరింపరు. వాని పేలికల చిన్న ముక్కలను మాత్రమే వరుసగా కుట్టించుకొందురు. పాత ఫొటోలో నావికుని రొమ్మున కనబడు చారల చతురస్రములివియే.

మీ ఇంట నున్నవి ఇంకను పాతవైనచో, మొదట చూడవలసినది బొమ్మ. రాజుగారి తలగాని, రాజుగారి పేరిటి అక్షరములుగాని, కిరీటముగాని యున్నచో అవి 1950కి ముందటి కాలపు సేవకు సంబంధించినవి. నాడు మన నౌకాదళమునకు పేరు రాయల్ ఇండియన్ నేవీ. 1934లో ఆ పేరు వచ్చినది. 1950 జనవరి 26న ‘రాయల్’ అను మాట పోయి భారత నౌకాదళమైనది. మొదటి ప్రపంచ యుద్ధము చేసినవారికి ఐదవ జార్జి తలగల పతకములు వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధము చేసినవారికి ఆఱు మొనల కంచు తారలు, వానితోపాటు ఒకవైపు భారతదేశపు పటము గల ‘ఇండియా సర్వీస్’ పతకము వచ్చినవి. ఆ యుద్ధమున బ్రిటిషు వారికి ఇచ్చిన తారలమీద పేరు చెక్కలేదు. మన దేశమువారికి ఇచ్చిన వానిమీద చెక్కిరి. ఆ కాలపు యుద్ధము మన తీరమునకును వచ్చినది. 1942 ఏప్రిలు 6న జపానువారి విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. స్వాతంత్ర్యము తరువాతి పతకములపై రాజు తల లేదు, చాలవానిపై అశోకుని సింహములున్నవి. ఈ ఒక్క మార్పు చూచినచో చాలును, పతకము ఏ ప్రభుత్వపు కాలమునాటిదో తెలిసిపోవును.

ఇంతవరకు అక్షరాభ్యాసము. ఇక ఒక పట్టీని ఆద్యంతము చదివి చూపెదను. ఇది నల్లగండ్లలో మా ప్రక్క ఇంట నున్నది. ఆ ఇంటి పెద్దావిడ శ్రీకాకుళము జిల్లావారు. ఆమె భర్త నౌకాదళమున ఇరువది ఏండ్లకు పైగా పనిచేసి, ఊరు చేరి, గతించెను. వారి పేర్లు ఇచ్చట అప్రస్తుతము. పల్లెలోని ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గఱకు వచ్చినపుడు ఆమె ఈ పటమును చీరలో చుట్టి తెచ్చుకొనిరి. ఒకనాడు ఆమె నన్ను పిలిచి, “బాబూ, ఈ బిళ్ళలు వెండివేనా? అమ్మితే ఏమైనా వస్తుందా?” అని అడిగిరి. అది దురాశతో అడిగిన మాట కాదు. ఆమెకు కుటుంబ పింఛను రావలసి యుండెను. అది ఆగిపోయి యుండెను. పింఛను కాగితములు, నావికుని డిశ్చార్జి పుస్తకము చెదలపాలైనవి. ఎచ్చటికి పోయినను మొదటి ప్రశ్న ఒక్కటే: నావికుని సంఖ్య ఎంత? అది ఇంటిలో ఎవరికిని తెలియదు.

“పెద్దమ్మా, ఇవి వెండివి కావు. ఎక్కువ భాగము రాగి, నికెలు కలిసిన లోహము, తారలు కంచువంటివి. తూకమునకు అమ్మినచో కూరగాయల ధర కూడ రాదు” అని చెప్పి, అద్దము విప్పించి, భూతద్దముతో అంచులు చూచితిని. మొదటి అంచుమీదనే ఆ సంఖ్య యున్నది. వారు పది నెలలు వెదకిన అంకెలు భోజనాల గది గోడమీదనే ఉన్నవి.

ఆ పట్టీపై ఎనిమిది పతకములు కలవు. మొదటిది సమర సేవా తార, 1965. అనగా 1965లో పాకిస్తానుతో జరిగిన యుద్ధమున రణరంగపు సేవ చేసినవానికి ఇచ్చినది. మూడవ స్థానమున నున్న రక్షా పతకము కూడ ఆ సంవత్సరపుదే. అది ఆనాడు దళములలో నున్నవారికి విస్తారముగా ఇచ్చినది. ఈ రెండును ఉన్నచో మనిషి దళములో పేరున కుండుటయే కాక, యుద్ధపు పనిలోను ఉండెనని తెలియును. రెండింటిమీదను హోదా ‘ఏబుల్ సీమన్’. అనగా పని నేర్చిన నావికుడు. ఇంకను చిన్న మెట్టే.

1965 యుద్ధమున నౌకాదళము కథ భూమిమీది కథ వంటిది కాదు. సెప్టెంబరు 7వ తేదీ రాత్రి పాకిస్తాను ఓడలు ద్వారకపై గుండ్లు కురిపించి పోయినవి. మన విమానవాహక నౌక విక్రాంత్ అప్పుడు మరమ్మతులో నుండెను. యుద్ధమును సముద్రముమీదికి పెంచరాదని ప్రభుత్వము నౌకాదళమునకు హద్దు గీచెను. ఓడలమీది జనులు సిద్ధముగా నుండి, వేచి, తిరిగి వచ్చిరి. ద్వారక యవమానము ఆ తరము నావికుల మనసులో ముల్లువలె మిగిలినది. సమర సేవా తార ఆ వేచియుండుటకు వచ్చినది. తుపాకి పేల్చినవానికే యుద్ధముకాదు. పేల్చుటకు అనుజ్ఞ లేక, శత్రువు ఎచ్చటనున్నాడో తెలియక, రాత్రులు మేల్కొని నీటిని చూచుచు కూర్చున్నవానికిని యుద్ధమే.

రెండవ స్థానమున నున్నది పూర్వీ తార. 1971 డిసెంబరులో తూర్పు రంగమున పనిచేసినవారికిది. పడమటి రంగమున పనిచేసినవారికి పశ్చిమీ తార వచ్చినది. ఈ ఒక్క పేరు చూచి ఆ నావికుడు బంగాళాఖాతమువైపు నుండెనని చెప్పవచ్చును. దానిమీద హోదా మారినది: ‘లీడింగ్ సీమన్’. ఆఱు సంవత్సరములలో ఒక మెట్టు ఎక్కెను. నాలుగవదైన సంగ్రామ పతకము కూడ 1971 యుద్ధ సంబంధమైనదే.

పెద్దావిడకు ఆ డిసెంబరు బాగుగా జ్ఞాపకమున్నది. ఆమె అప్పుడు విశాఖపట్టణమున అద్దె ఇంట నుండిరి. కిటికీలకు నల్లకాగితములు అంటించి, దీపములార్పి కూర్చుండెడివారట. 3వ తేదీ అర్ధరాత్రి పెద్ద చప్పుడై కిటికీ తలుపులు అదరినవట. అది ఏమో నాడు ఊరివారికి తెలియదు. నేడు మనకు తెలియును. పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముంగిట మునిగిపోయినది. అది విక్రాంతును వెదకుచు వచ్చినది. విక్రాంత్ విశాఖలో లేదు. ముందే అండమానులవైపు తరలించిరి. తూర్పు నౌకాదళాధిపతియైన వైస్ ఆడ్మిరల్ కృష్ణన్ గారు ఒక ఉపాయము పన్ని, రాజ్‌పుత్ అను పాత ఓడచేత విక్రాంత్ పంపునట్టి వైర్‌లెస్ సందేశములు పంపించి, విక్రాంత్ దగ్గఱనే యున్నట్లు శత్రువును నమ్మించెను. ఘాజీ రాజ్‌పుత్ విడిచిన నీటిబాంబులవలన మునిగెనా, తాను పఱచిన మందుపాతరవలననే ప్రేలెనా అను విషయమున భిన్నాభిప్రాయములు కలవు. మునుగుట మాత్రము నిజము, దానిలోనివారెవరును బ్రతుకలేదు. వారును ఎవరి బిడ్డలో.

డిసెంబరు 4న విక్రాంతుపైనుండి లేచిన విమానములు కాక్స్‌బజారును, చిట్టగాంగును కొట్టినవి. అదే రాత్రి పడమట మన చిన్న క్షిపణి పడవలు నిపాత్, నిర్ఘాత్, వీర్ అనునవి కరాచీ రేవుమీద దాడి చేసినవి. ఆ దినమునే నేటికిని నౌకాదళ దినముగా జరుపుచున్నారు. కాని గెలుపు ఒక్కవైపు లెక్క కాదు. డిసెంబరు 9న దీవు తీరమునకు దూరమున ఖుక్రీ అను మన ఓడను పాకిస్తాను జలాంతర్గామి హంగోర్ ముంచినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. ఓడ కప్తాను మహేంద్రనాథ ముల్లా గారు ఇతరులను తప్పించుకొని పొండని పంపి, తాను ఓడతోనే మునిగెను. ఆ 194 మంది పతకములు వారి రొమ్ములమీద కాక, తల్లుల చేతులలోను, భార్యల చేతులలోను పడినవి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సైన్యము లొంగిపోగా తూర్పున యుద్ధము ముగిసినది.

పట్టీ తక్కిన సగము యుద్ధముల కథ కాదు, ఓర్పు కథ. ఐదవది దీర్ఘసేవా సచ్ఛీల పతకము. ఏండ్లతరబడి తప్పు లేకుండ నడచుకొన్నవానికే అది వచ్చును. దాని అంచుమీద హోదా ‘పెటీ ఆఫీసరు’ అని యున్నది. ఆఱవది స్వాతంత్ర్యపు 25వ వార్షికోత్సవ పతకము. 1972 ఆగస్టు 15 నాడు కొలువులో నున్నవారందరికిని వచ్చినది. కడపటి రెండును 20 ఏండ్ల సేవకు, 9 ఏండ్ల సేవకు వచ్చినవి. మాన్యతలో ఇవి చివరివి. కాని ఇంటివారి లెక్కలో ఇవియే మొదటివని నా తలంపు. యుద్ధము పదునాలుగు దినములలో ముగిసినది. ఇరువది ఏండ్లు మాత్రము ఒక్కొక్క దినముగనే గడపవలసి వచ్చినది. ఓడలో ఇంజను గది వేడి, వ్రేలాడు పడకలు, నెలల కొలది ఉప్పుగాలి ఆయన వంతు. పురుళ్ళు, జ్వరములు, ఉప్పెనలు, పిల్లల చదువులు ఆమె వంతు. ఆ వంతుకు ఏ ప్రభుత్వమును బిళ్ళ ముద్రింపలేదు.

ఇట్లు ఎనిమిది పతకములు చదువగా, ఒక నావికుడు ఏబుల్ సీమనుగా ఒక యుద్ధము, లీడింగ్ సీమనుగా రెండవ యుద్ధము చూచి, పెటీ ఆఫీసరై, మచ్చ లేక ఇరువది ఏండ్లు దాటించెనని తెలిసినది. ఒక్క కాగితము లేకుండ ఇంత తెలిసినది. తెలియనిది ఏమి? ఏ ఓడ? ఏ పని? ఎవరు స్నేహితులు? డిసెంబరు 3 రాత్రి ఆయన ఎచ్చట నుండెను? పతకమునకు ఆ సంగతులు చెప్పు శక్తి లేదు. పెద్దావిడను అడిగితిని. “ఆయన ఇంటికొస్తే సముద్రం మాట ఎత్తేవారు కాదు బాబూ. అన్నం తిని పడుకునేవారు” అనిరి. మనుమడు ప్రక్కనే నిలుచుండి వినుచున్నాడు. తన తాత యుద్ధమున నుండెనని వానికి ఆనాడే తెలిసినది.

ఆ సంఖ్యతో దరఖాస్తు వ్రాసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పంపిరి. సంఖ్య యున్నందున పాత చిట్టా దొరకి, పని ముందుకు సాగినది. మీ ఊరిలో ఇట్టి ఇల్లు ఏదైనను ఉన్నచో జ్ఞాపకముంచుకొనుడు. నావికుల సేవా చిట్టాలను చూచు కార్యాలయము ముంబైలో మాన్‌ఖుర్దున నున్నది. దానిని బ్యూరో ఆఫ్ సెయిలర్స్ అందురు. వారికి వ్రాయునపుడు పేరుకంటె సంఖ్య ముఖ్యము. ఒకే పేరుగలవారు అనేకులుందురు. ఒకే సంఖ్యగలవారు ఇద్దఱుండరు. మన భూములకు సర్వే నంబరు ఎట్టిదో, నావికునికి ఆ సంఖ్య అట్టిది.

ఇప్పుడు పతకములను కాపాడు విధము చెప్పెదను. మొదటిది, మెఱుగు పెట్టకుడు. పండుగకు ఇత్తడి పాత్రలు తోమినట్లు చింతపండుతోను, పాలిషుతోను పతకములను రుద్దువారు కలరు. ప్రతి రుద్దుడుకు అంచుమీది అక్షరములు కొంచెము అరగును. కొన్నాళ్ళకు సంఖ్య మాసిపోవును. నల్లబడిన పతకము చెడినది కాదు. తుడిచిన పతకమే చెడును. పొడి మెత్తని గుడ్డతో దుమ్ము దులిపిన చాలును. రెండవది, పేలికలను ఎండ తగులు గోడమీద ఉంచకుడు. రంగు వెలిసినచో ఏ పతకమో గుర్తుపట్టుట కష్టమగును. మూడవది, అంచుమీది అక్షరములను యథాతథముగా ఒక కాగితముమీద ఇంగ్లీషునను, తెలుగునను వ్రాసి, దాని క్రింద నావికుని ఊరు, తల్లిదండ్రుల పేర్లు, చేరిన సంవత్సరము, విడిచిన సంవత్సరము వ్రాసి, పటము వెనుక అంటింపుడు. దాని ప్రతి ఒకటి వేఱొక చోట దాచుడు.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యము. పతకములను పంచుకొనకుడు. తండ్రి పోయిన పిదప అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు బిళ్ళలు కూడ తలకు రెండు చొప్పున పంచుకొనుట కలదు. ప్రేమతోనే చేయుదురు. కాని పొలమును పంచిన ముక్క ముక్కలోను పంట పండును. వాక్యమును పంచిన ఏ ముక్కలోను అర్థము మిగులదు. సమర సేవా తార ఒక ఇంట, పూర్వీ తార ఇంకొక ఇంట నున్నచో, ఆ మనిషి రెండు యుద్ధములు చూచెనని చెప్పువారెవరు? ఒకరి ఇంట పట్టీ యుంచి, తక్కినవారు ఫొటో తీసికొనుట ఉత్తమము.

నావికుడు జీవించియే యున్నచో మీరు చేయవలసిన పని ఇంకను సులభము, ఇంకను తొందరైనది. 1971లో ఇరువది ఏండ్ల వయసుగలవారు నేడు డెబ్బది దాటినవారు. 1965 నాటివారు అంతకు పెద్దలు. పట్టీని వారి చేతికిచ్చి, ఒక్కొక్క బిళ్ళ చూపి, “అన్నా, ఇది వచ్చిననాడు మీరు ఏ ఓడమీద ఉంటిరి?” అని అడుగుడు. యుద్ధము సంగతి చెప్పుమన్నచో చాలమంది చెప్పరు. ఓడ పేరు అడిగినచో చెప్పుదురు. ఓడ పేరునుండి వంటవాని పేరు, వంటవానినుండి తుపాను, తుపానునుండి యుద్ధము తమంతట అవియే వచ్చును. ప్రక్కన చదువుకొన్న పిల్లవానిని కూర్చుండబెట్టి వ్రాయింపుడు. నేటి పిల్లల చేతిలోని ఫోనులో మాట పట్టు సాధనము కలదు. దానిని దీనికి వాడుట మంచి పని.

ఇట్లు మాట వస్తువుతో కలిసినపుడు ఏమగునో చూడగోరువారు విశాఖపట్టణము పోవుడు. కురుసుర అను జలాంతర్గామి 1969లో సోవియట్ దేశపు రీగా రేవున మన నౌకాదళములో చేరినది. 1971 యుద్ధకాలమున కొలువు చేసినది. 2001లో విశ్రాంతి పొందినది. ఆ పిదప దానిని సముద్రపుటొడ్డునకు లాగి, 2002లో ప్రదర్శనశాలగా చేసిరి. లోపల ఇనుపగొట్టములు, చక్రములు, ఇఱుకు పడకలు చూపఱకు అయోమయముగా నుండును. కాని అచ్చట చూపించువారిగా నౌకాదళమున పనిచేసి వచ్చినవారిని నియమించిరి. వారొకరు “ఈ పడకమీద ముగ్గురము వంతులవారీగా పండుకొనెడివారము” అనగానే ఇనుమునకు ప్రాణము వచ్చును. ఇనుప ఓడకైనను మనిషి నోరు కావలసి వచ్చినది. అఱచేతిలో ఇముడు పతకమునకు కావలసియుండుటలో ఆశ్చర్యమేమి?

పతకము సగము దస్తావేజు మాత్రమే. తక్కిన సగము ఒక వృద్ధుని జ్ఞాపకములోనో, ఒక వృద్ధురాలి జ్ఞాపకములోనో ఉన్నది. రెండు సగములను కలుపువారు ఊరిలో చదువు వచ్చిన పెద్దలే. అక్షరమును, మనిషిని రెండింటిని ఎఱిగినవారు మీరే కదా. మీ ఊరిలో సైన్యమునకు, నౌకాదళమునకు, వాయుసేనకు పోయి వచ్చిన ఇండ్లు ఎన్ని యున్నవో లెక్క వేయుడు. ఒక్కొక్క ఇంటికి ఒక భూతద్దము, ఒక కాగితము, ఒక కలము తీసికొని పొండు. అంచు చదువుడు, సంఖ్య వ్రాయుడు, ఓడ పేరు అడుగుడు. అక్షరములు లేని వీరగల్లులు మనకు ఇప్పటికే చాలినన్ని కలవు. ఇక సెలవు.